జాతరకు ఎప్పుడు బయల్దేరాలి? తెలంగాణ పండుగల కాలం లెక్క

దసరా 2024లో అక్టోబర్ 12న వచ్చింది. మరుసటి ఏడాది అక్టోబర్ 2నే వచ్చేసింది. 2026లో అధిక జ్యేష్ఠం పడటంతో అక్టోబర్ 20కి జరిగింది. పోయినేటి తేదీ గుర్తుపెట్టుకుని ఈసారి రైలు టికెట్ తీసుకుంటే బతుకమ్మ దొరకదు. సెలవులు పెట్టుకుని ముంబై నుంచో అమెరికా నుంచో వచ్చే తెలుగువాళ్లకు ఈ టెన్షన్ బాగా తెలుసు. బయటి రాష్ట్రాల పర్యాటకులకైతే అసలు ఈ తేదీలు ఎందుకు మారతాయో కూడా ఎవరూ చెప్పరు.

తెలంగాణలో ఏడాది పొడవునా ఏదో ఒక ఊళ్లో డప్పు మోగుతూనే ఉంటుంది. పర్యాటక ప్రచారంలో ఈ పండుగలన్నీ పక్కపక్కనే, ఒకే కొలత ఫోటోలతో కనిపిస్తాయి. అవి చూస్తే ఏమేం ఉన్నాయో తెలుస్తుంది. ఒక పండుగ ఆ కాలంలోనే ఎందుకొస్తుందో మాత్రం తెలియదు. అసలు విషయమంతా అందులోనే ఉంది. కారణం తెలిసినవాళ్లకు ఏ రోజు చేరుకోవాలో, ఎక్కడ నిలబడాలో, ఏ ఊళ్లో బస చేయాలో దానంతటదే అర్థమవుతుంది.

ముందుగా లెక్క సంగతి. ఇక్కడి పండుగలు మూడు రకాల కాలమానాల మీద నడుస్తాయి. బతుకమ్మ, బోనాలు, మేడారం వంటివి చాంద్రమానం ప్రకారం వస్తాయి. చంద్రుడి ఏడాది సుమారు 354 రోజులే కాబట్టి ఇవి ఏటా పదకొండు రోజుల చొప్పున ముందుకు జరుగుతాయి. రెండున్నర, మూడేళ్లకోసారి అధికమాసం వచ్చి వాటిని మళ్లీ వెనక్కి తెస్తుంది. అందుకే ఎంత జరిగినా ఋతువు దాటవు. రంజాన్, మొహర్రం కూడా చంద్రుడి లెక్కే కానీ వాటికి అధికమాసం లేదు. 2016లో జూన్‌లో మొదలైన రంజాన్ 2026లో ఫిబ్రవరిలో మొదలైంది. చార్మినార్ దగ్గర రాత్రి బజారులో తిరగాలనుకునేవాళ్లకు కొన్నేళ్లు చలికాలం దొరుకుతుంది, కొన్నేళ్లు మండుటెండల నెల దొరుకుతుంది. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాద్ హలీమ్‌ను చల్లటి రాత్రి తినడానికి, ఉక్కపోతలో తినడానికి చాలా తేడా ఉంది. ఇక సంక్రాంతి, మృగశిర కార్తె సూర్యుడి లెక్క. జనవరి 14 లేదా 15న సంక్రాంతి, జూన్ 8కి అటూఇటూగా మృగశిర. వీటికి మాత్రం ఏడాది ముందే టికెట్లు తీసుకోవచ్చు. నాంపల్లి నుమాయిష్ కూడా అంతే. 1938లో మొదలైన ఈ ప్రదర్శన మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు నడుస్తుంది.

ఈ మూడు లెక్కల కింద ఇంకోటుంది, అది పొలం పని. వానకు బీడు భూముల్లో పూలు విరగబూసి, చెరువులు నిండాక బతుకమ్మ వస్తుంది. పంట ఇంటికి చేరి, చేతిలో నాలుగు పైసలు ఆడి, అడవి దారులు ఆరాక జాతరలు మొదలవుతాయి. కొత్త నీళ్లతో పాటు రోగాలొచ్చే ఆషాఢంలో అమ్మవార్లకు బోనం ఎత్తుతారు. ఏ నెలలో ఏం చూడాలన్న ప్రశ్నకు దీనికి మించిన జవాబు లేదు.

పూలు దొరికే తొమ్మిది రోజులు

భాద్రపద అమావాస్యను తెలంగాణలో పెత్తరమాస అంటారు. ఆ రోజు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మతో పండుగ ముగుస్తుంది. మధ్యలో అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల, వేపకాయల, వెన్నముద్దల బతుకమ్మలు ఒక్కో రోజు నైవేద్యాన్ని బట్టి వస్తాయి. ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు పూలు పేర్చరు, ఆట ఉండదు. రెండు రోజుల ట్రిప్ వేసుకుని సరిగ్గా ఆ రోజే వచ్చి, ఊళ్లో ఏమీ జరగడం లేదని నిరాశపడేవాళ్లున్నారు. తిథి చూసుకోమనేది ఇందుకే.

బతుకమ్మను చాలామంది సద్దుల నాటి సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద చూస్తారు. లైట్లు, మైకులు, వేలమంది ఆడవాళ్లు, అదో వైభవం. అయితే ఈ పండుగ ప్రాణం పొద్దున జరిగే పనిలో ఉంది. తెల్లవారుజామునే పిల్లలు, మగవాళ్లు చేల గట్ల మీదికి పోయి గునుగు, తంగేడు కోసుకొస్తారు. గునుగు మెట్ట చేలల్లో కలుపుగా మొలిచే మొక్క. దాని తెల్లటి కంకుల కొసలు సమానంగా కత్తిరించి, ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో అద్ది ఆరబెడతారు. సిబ్బిలోనో తాంబాళంలోనో గుమ్మడాకులు పరిచి, వరుస మీద వరుస తిప్పుతూ తంగేడు, గునుగు, కట్ల పూలు, బంతి, చామంతి, పట్టుకుచ్చు పేరుస్తారు. నడుమ ఖాళీని ఆకులతో, పూల కాడలతో నింపుతారు. పైన పసుపు గౌరమ్మ. మనిషి నడుమెత్తు బతుకమ్మను పేర్చడానికి మధ్యాహ్నమంతా పడుతుంది, ఇంటిల్లిపాదీ కూర్చోవాలి. పొద్దున తొమ్మిదింటికల్లా ఒక ఇంట్లో ఉండే అవకాశం దొరికిన యాత్రికుడు సాయంత్రం స్టేడియంలో కుర్చీ దొరికినవాడికన్నా ఎంతో అదృష్టవంతుడు.

సాయంత్రం వాకిట్లోనో గుడి ముందో బతుకమ్మలను నడుమ పెట్టి, చుట్టూ తిరుగుతూ చప్పట్లు చరుస్తూ పాడతారు. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు ఉయ్యాలో అని అందుకుంటారు. ఆ పాటల్లో పురాణ కథలుంటాయి, అత్తింటి కష్టాలుంటాయి, ఊరి చరిత్ర ఉంటుంది. తర్వాత చెరువుకు తీసుకెళ్లి నీళ్లలో వదులుతారు. సత్తుపిండి, మలీద పంచుకుంటారు. ఇస్తినమ్మ వాయినం, పుచ్చుకుంటినమ్మ వాయినం అనే మాటలు గట్టు మీద వినిపిస్తాయి. చెరువు లేకపోతే ఈ పండుగ పూర్తికాదు. చెరువులు పూడిన కాలనీల్లో ప్లాస్టిక్ తొట్లలో నిమజ్జనం చేస్తుంటే చూడలేం. కలుపు మందులు, వెంచర్లు పెరిగేకొద్దీ గునుగు కూడా దూరమై, నగరంలో కట్టలు కట్టి అమ్మే సరుకైంది. ఈ పండుగను చూడవచ్చే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

ఎక్కడ చూడాలంటే వరంగల్ మంచి ఎంపిక. హన్మకొండ వేయిస్తంభాల గుడి, భద్రకాళి గుడి పరిసరాల్లో బతుకమ్మ ఆడతారు. చుట్టుపక్కల పల్లెలు అరగంట, గంట దూరంలోనే ఉంటాయి. అయితే అన్ని ఊళ్లలోనూ సద్దులు ఒకే రోజు కాదు. కొన్నిచోట్ల ఏడో రోజునే చేస్తారు. వెళ్లబోయే ఊరి మనిషిని ఒక్క మాట అడిగి బయల్దేరడం మంచిది. ఇంకో సంగతి, దసరా సమయంలో రద్దీ అంతా హైదరాబాద్ నుంచి పల్లెలకే ఉంటుంది. ఆడబిడ్డలంతా పుట్టింటికి వెళ్తారు, జేబీఎస్, ఎంజీబీఎస్ బస్టాండ్లలో కాలు పెట్టే చోటుండదు. సద్దులకు రెండు రోజుల ముందే ఊరు చేరుకుని దసరా నాటి జమ్మి పూజ కూడా చూసుకుని రావడం తెలివైన పని. జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి పెద్దల కాళ్లకు మొక్కుతారు, సమవయస్కులు అలయ్ బలయ్ తీసుకుంటారు. పరాయి ఊరివాడైనా ఆ రోజు ఎవరో ఒకరు చేతిలో ఆకు పెట్టక మానరు.

దీపావళికి ఆదిలాబాద్

దీపావళి అనగానే పటాకులే గుర్తొస్తాయి కానీ ఆదిలాబాద్, కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లాల గోండు గూడేల్లో అది దండారి అనే నృత్య పండుగ కాలం. నెమలి పింఛాల పెద్ద టోపీలు పెట్టుకున్న గుస్సాడీలు బృందంగా ఒక గూడెం నుంచి మరో గూడేనికి అతిథులుగా వెళ్తారు. ఆ కొద్ది రోజులు గుస్సాడీ దైవంతో సమానం, నియమాలు కఠినంగా ఉంటాయి. అనుమతి అడగకుండా టోపీ పట్టుకోవడం, పక్కన నిలబడి సెల్ఫీ దిగడం చాలా తప్పు. గుస్సాడీ నృత్యాన్ని నేర్పిన మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. గోండుల మధ్య బతికి వారి గురించి రాసిన ఆంత్రోపాలజిస్టు హైమెన్‌డార్ఫ్ స్థావరం కూడా ఆ మార్లవాయే. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధులు అక్కడే ఉన్నాయి.

అదే సమయంలో దక్షిణాన మహబూబ్‌నగర్ జిల్లా కురుమూర్తి కొండ మీద జాతర మొదలవుతుంది. వేంకటేశ్వరస్వామికి చిన్నవడ్డెమాన్‌లో దళిత కుటుంబాలు నిష్ఠతో ఉండి తోలు పాదుకలు కుడతాయి. వాటిని ఉద్దాలు అంటారు. అవి ఊరేగింపుగా కొండకు వస్తుంటే జనం వాటిని నెత్తికి తాకించుకోవడానికి ఎగబడతారు. చెప్పులు కుట్టే చేతుల దగ్గర మొదలయ్యే ఇలాంటి ఉత్సవానికి ప్రచారంలో దక్కుతున్న చోటు చాలా తక్కువ. సీతాఫలాలు కూడా ఆ ప్రాంతంలో ఇంచుమించు అప్పుడే దొరుకుతాయి.

సంక్రాంతి నుంచి ఉగాది దాకా

తెలంగాణలో అసలైన జాతర కాలం ఇది. వరి కోతలైపోయి, ఎండలు ముదరక ముందు, రైతుకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరికే రెండు మూడు నెలలు. యాత్రికులకు కూడా ఇంతకన్నా మంచి వాతావరణం ఉండదు.

సిద్దిపేట జిల్లా కొమురవెల్లి, హన్మకొండ జిల్లా ఐనవోలు మల్లన్న జాతరలు సంక్రాంతికి ఊపందుకుని ఉగాది దాకా సాగుతాయి. కొమురవెల్లిలో ఆదివారాలు ముఖ్యం. సంక్రాంతి తర్వాత మొదటి ఆదివారం పట్నం వారం, అంటే హైదరాబాద్ భక్తులది. తర్వాతది లష్కర్ వారం, సికింద్రాబాద్ వాళ్లది. గంగరేగు చెట్టు దగ్గర ఒగ్గు పూజారులు రంగుల పొడులతో నేల మీద పట్నం అనే ముగ్గు వేసి, డోలు వాయిస్తూ మల్లన్న కథ చెబుతారు. ముగ్గు, కథ, పూజ మూడూ కలిసిన కళ అది. తొక్కిసలాట ఇష్టపడనివాళ్లు మొదటి రెండు ఆదివారాలు వదిలేసి, ఫిబ్రవరిలో ఏదో ఒక ఆదివారం పొద్దున వెళ్తే పట్నాన్ని దగ్గర కూర్చుని చూడవచ్చు.

పుష్య అమావాస్యకు ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతర. నాగదేవతను కొలిచే గోండు మెస్రం వంశీయులు కాలినడకన గోదావరిలోని హస్తినమడుగు దాకా వెళ్లి కలశంలో గంగాజలం తెస్తారు. చెప్పులు లేకుండా రోజుల తరబడి సాగే నడక అది. జాతరలో చెప్పుకోదగ్గ ఘట్టం భేటింగ్. మెస్రం ఇళ్లకు కొత్తగా వచ్చిన కోడళ్లు తెల్లటి చీరల్లో వచ్చి నాగోబాకు, వంశం పెద్దలకు పరిచయమవుతారు. అక్కడి నుంచే వాళ్లు ఆ వంశం మనుషులుగా లెక్క. కుమురం భీం పోరాటం తర్వాత, 1940లలో హైమెన్‌డార్ఫ్ చొరవతో మొదలైన దర్బార్‌లో ఇప్పటికీ గిరిజనులు తమ కష్టాలను నేరుగా అధికారుల ముందు పెడతారు. పూజ, వంశాచారం, ప్రజల అర్జీలు ఒకే మైదానంలో కలిసే చోటు ఇది. ఆ రోజుల్లో ఆదిలాబాద్ చలి ఎముకలు కొరుకుతుంది. మహాపూజ అర్ధరాత్రి జరుగుతుంది కాబట్టి మందపాటి దుప్పటి లేకుండా వెళ్లకూడదు.

ఇక మేడారం. ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో, అడవి మధ్యలో చిన్న ఊరు. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి దగ్గర్లో నాలుగు రోజుల పాటు సమ్మక్క సారలమ్మ జాతరకు కోటి మందికి పైగా వస్తారని అధికారుల అంచనా. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు, 2026లో జనవరి 28 నుంచి 31 వరకు జరిగింది. కరువులో కప్పం కట్టలేమన్న కోయలపై కాకతీయ సైన్యం దండెత్తిందని, ఎదురు నిలిచి తల్లీకూతుళ్లు నేలకొరిగారని కథనం. గుడి లేదు, గోపురం లేదు, విగ్రహం లేదు. గద్దెలే దైవ స్థానాలు. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వస్తుంది. గురువారం సాయంత్రం చిలుకలగుట్ట నుంచి కోయ పూజారులు కుంకుమ భరిణె రూపంలో సమ్మక్కను తెస్తారు. ఆమె రాకకు గౌరవంగా పోలీసులు గాల్లోకి కాల్పులు జరుపుతారు. శుక్రవారం ఇద్దరు తల్లులూ గద్దెల మీద ఉంటారు. శనివారం వనప్రవేశం, అంటే తల్లులు అడవికి తిరిగి వెళ్లడం. జంపన్నవాగులో స్నానం, నిలువెత్తు బంగారం మొక్కు. ఆ బంగారమంటే బెల్లం. మనిషి బరువుకు సరితూగే బెల్లం తూచి తల్లికి ఇస్తారు.

మొదటిసారి వెళ్లేవాళ్లకు చాలామంది శుక్రవారం చెబుతారు, ఇద్దరు తల్లుల దర్శనం ఒకేసారి అవుతుందని. భక్తుడికి అది సరైన మాటే. జాతర ఎలా పుడుతుందో చూడాలనుకునే యాత్రికుడికి మాత్రం గురువారమే ముఖ్యం. సమ్మక్క వస్తున్న దారిలో ముగ్గులు, ఎదురుకోళ్లు, శివసత్తుల పూనకాలు, ఆ క్షణంలో లక్షల గొంతులు ఒక్కటవడం మరెక్కడా దొరకని అనుభవం. దానికోసం మంగళవారం రాత్రికో బుధవారం పొద్దునకో మేడారం చేరి, డేరా వేసుకుని ఉండాలి. సొంత కారు కన్నా ఆర్టీసీ బస్సు నయం, అది గద్దెలకు దగ్గరగా వెళ్తుంది. కార్లను చాలా దూరంలోనే ఆపేస్తారు. ఆ జనంలో ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడటం కష్టం కాబట్టి విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోవాలి. చంటిపిల్లలతో, గుండె జబ్బు ఉన్న పెద్దలతో వెళ్లాలనుకుంటే జాతరకు రెండు మూడు వారాల ముందు వెళ్లడం మేలు. ముందస్తు మొక్కులకు వేలమంది అప్పుడే వస్తారు. జాతర లేని ఏడాదిలో కూడా మాఘ మాసంలో చిన్న జాతర ఉంటుంది. అప్పుడైతే అడవిని, వాగును, గద్దెలను నింపాదిగా చూసి, దారిలో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప గుడిని, లక్నవరం చెరువును కూడా చుట్టి రావచ్చు.

శివరాత్రికి మెదక్ జిల్లా ఏడుపాయలలో మంజీర ఏడు పాయలుగా చీలే చోట వనదుర్గమ్మ జాతర మూడు రోజులు జరుగుతుంది. వేములవాడలో రాజన్నకు కోడెను కట్టే మొక్కులు తీర్చుకునేవాళ్లతో రాత్రంతా జాగరణే. ఎండలు ముదిరాక శ్రీరామనవమికి భద్రాచలం. ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు సమర్పించే కల్యాణం మిట్ట మధ్యాహ్నం అభిజిత్ లగ్నంలో జరుగుతుంది. తలకు తువ్వాలు, చేతిలో మజ్జిగ సీసా తప్పవు. దారిలో తాటి ముంజలు దొరికితే ఆగి తినాల్సిందే.

ఆషాఢంలో నగరం

జాతరలన్నీ పల్లెలకు, అడవులకు పిలిస్తే బోనాలు మాత్రం నగరం నడిబొడ్డున జరుగుతాయి. పల్లెల్లో పోచమ్మ బోనాలు చాలాచోట్ల శ్రావణంలో తీస్తారు. హైదరాబాద్‌లో ఆషాఢమంతా బోనాలే. మొదట గోల్కొండ కోటలో, తర్వాత లష్కర్ అంటే సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో, ఆ మరుసటి వారం లాల్‌దర్వాజాలో, పాతబస్తీలో. 1813లో జంట నగరాల్లో కలరా ప్రబలినప్పుడు, ఉజ్జయినిలో పనిచేస్తున్న సైనిక దళంలోని సురిటి అప్పయ్య తన ఊరు బాగుపడితే అమ్మవారిని ప్రతిష్ఠిస్తానని మొక్కుకున్నాడని, 1815లో తిరిగొచ్చి మొక్కు తీర్చాడని లష్కర్ గుడి చరిత్ర చెబుతుంది. వానలు, కలుషితమైన నీళ్లు, అంటురోగాలు, అమ్మవారికి వండిపెట్టే అన్నం, ఇవన్నీ ఒకే గొలుసులోవి. బోనమంటే భోజనమే. అన్నం, పాలు, బెల్లం వండి కుండలో పెట్టి, వేపాకులు చుట్టి, పైన దీపం వెలిగించి నెత్తిన పెట్టుకుని నడుస్తారు. ముందు ఒంటినిండా పసుపు పూసుకున్న పోతరాజు కొరడా ఝళిపిస్తూ ఆడతాడు.

సందర్శకులు సాధారణంగా ఆదివారం బోనాలు చూసి వెళ్లిపోతారు. లష్కర్‌లో సోమవారం పొద్దున రంగం ఉంటుంది. పచ్చికుండ మీద నిలబడిన జోగిని రాబోయే ఏడాది వానలెలా ఉంటాయో, జనం ఎలా ఉంటారో భవిష్యవాణి చెబుతుంది. తర్వాత ఏనుగు మీద అమ్మవారి ఊరేగింపు. ఆదివారం ఎంత అవసరమో సోమవారం అంతే అవసరం. జనానికి జడిసేవాళ్లకు గోల్కొండ బోనాలు హాయి. నెల పొడవునా ప్రతి గురువారం, ఆదివారం ఉంటాయి కాబట్టి మధ్య వారంలో వెళ్లి, కోట మెట్ల మీద తలలపై దీపాలతో ఎక్కుతున్న ఆడవాళ్ల వరుసను నిదానంగా చూడవచ్చు.

వానలు జోరందుకున్నాక లంబాడా తండాల్లో తీజ్ మొదలవుతుంది. పెళ్లికాని ఆడపిల్లలు వెదురు బుట్టల్లో గోధుమ గింజలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. టికెట్టూ వేదికా లేని పండుగ ఇది. తండాలో తెలిసినవాళ్లు పిలిస్తేనే వెళ్లడం మర్యాద. వినాయక చవితికి 1954 నుంచి ఖైరతాబాద్ గణపతి సంప్రదాయం ఉంది. నిమజ్జనం రోజు రోడ్లు మూసేస్తారు, ఆ రోజు మెట్రోనే దిక్కు. ఆదిలాబాద్ కుంటాల, ములుగు బొగత జలపాతాలు జూలై చివరి నుంచి నిండుగా దూకుతాయి. ఏటా అక్కడ పాకుడు రాళ్ల మీద జారి ప్రాణాలు పోగొట్టుకునేవాళ్లు ఉంటున్నారు, నీళ్లలో దిగకపోవడమే మేలు. వరద పెరిగితే గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు కాబట్టి, ముందు రాత్రి పైన ఎంత వాన పడిందో కనుక్కుని బయల్దేరాలి.